జెండా లేని ఉన్మాదం

2025 నవంబర్ 7, శుక్రవారం. ఇండోనేషియా రాజధాని జకార్తాలో ఒక ప్రభుత్వ పాఠశాల ఆవరణలోని మసీదులో విద్యార్థులు, ఉపాధ్యాయులు జుమా నమాజుకు చేరారు. అంతలో బాంబులు పేలాయి. 96 మంది గాయపడ్డారని పోలీసులు ప్రకటించారు. ఆ పని చేసింది బయటినుంచి వచ్చిన శత్రువు కాదు. అదే బడిలో చదువుతున్న 17 ఏళ్ల బాలుడని పోలీసులు చెప్పారు. అక్కడ దొరికిన బొమ్మ తుపాకీ మీద కొన్ని పేర్లు రాసి ఉన్నాయి. వాటిలో ఒకటి, 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదులపై దాడి చేసి 51 మందిని బలిగొన్న హంతకుడిది.

ఆ 51 మందిలో మన హైదరాబాద్, కరీంనగర్‌లకు చెందినవారూ ఉన్నారన్న విషయం పాఠకులు మరిచిపోయి ఉండరు. నమాజీలను చంపినవాడి పేరును నమాజు జరిగే చోటికి ఒక విద్యార్థి మోసుకురావడం ఏమిటి? ముస్లిములు అధిక సంఖ్యలో ఉన్న దేశంలో ఇదెలా సాధ్యమైంది?

పోలీసులు చెప్పిన జవాబు ఇంకా కలవరపెడుతుంది. ఆ బాలుడు ఏ ఉగ్రవాద ముఠాలోనూ లేడు. ఏ సిద్ధాంతాన్నీ నమ్మినవాడు కాడు. ఒంటరితనంతో బాధపడ్డాడు. మనసు విప్పి చెప్పుకోవడానికి ఇంట్లోగాని బడిలోగాని ఎవరూ లేరనుకున్నాడు. హింసను మెచ్చుకునే ఆన్‌లైన్ బృందాలు అతనికి తోడు దొరికాయి. హంతకుడి సిద్ధాంతం అతనికి అక్కరలేదు, హంతకుడికి దక్కిన పేరే అతనికి కావలసింది.

ఇది ఒక్క జకార్తా కథ కాదు. 2024 ఆగస్టు 12న తుర్కియేలోని ఎస్కిషెహిర్ నగరంలో 18 ఏళ్ల యువకుడు ముసుగు, కవచం ధరించి, మసీదు ఆవరణలో టీ తాగుతున్నవారిని కత్తితో పొడిచాడు. ఐదుగురు గాయపడ్డారు. ఆ దృశ్యాన్ని అతడు ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా ప్రసారం చేశాడు.

విధ్వంసమే మతం

ఇలాంటి ధోరణికి అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 2025లో ఒక పేరు వాడడం మొదలుపెట్టింది: నిహిలిస్ట్ హింసాత్మక తీవ్రవాదం. అంటే దేనిమీదా విశ్వాసం లేని తీవ్రవాదం. ఏదో ఒక మతాన్నో, పార్టీనో, జాతినో గెలిపించాలన్న ఆశ వీరికి ఉండదు. నాజీ గుర్తులు, సైతాను బొమ్మలు, బడుల్లో కాల్పులు జరిపినవారి ఫోటోలు అన్నీ కలగాపులగం చేసుకుంటారు. వీరి ద్వేషమంతా మనిషి మీదనే.

వీటిలో పేరుమోసినది 764 అనే ముఠా. 2021 ప్రాంతంలో అమెరికాలోని టెక్సాస్‌లో బడి మానేసిన ఒక 15 ఏళ్ల బాలుడు దీన్ని మొదలుపెట్టాడు. తన ఊరి పిన్‌కోడ్‌లోని మొదటి మూడంకెలే ముఠాకు పేరయ్యాయి. 2023లో అతనికి 80 ఏళ్ల జైలుశిక్ష పడింది. కాని ముఠా ఆగలేదు. ఈ ముఠాకు సంబంధించి 250కి పైగా కేసులను దర్యాప్తు చేస్తున్నామని 2025లో ఎఫ్‌బీఐ తెలిపింది. ఆ ఏడాది డిసెంబరులో కెనడా ప్రభుత్వం 764ను ఉగ్రవాద సంస్థల జాబితాలో చేర్చింది.

వీరి పద్ధతి తెలుసుకోవడం తల్లిదండ్రులకు అవసరం. పిల్లలు ఆడుకునే రోబ్లాక్స్, మైన్‌క్రాఫ్ట్ వంటి ఆటల్లో స్నేహం కలుపుతారు. దిగులుగా ఉన్న పిల్లలను ఏరి మరీ పట్టుకుంటారు. తియ్యగా మాట్లాడి డిస్కార్డ్‌కో, టెలిగ్రామ్‌కో రప్పిస్తారు. ఒక్క ఫోటో చేజిక్కిందా, అక్కడినుంచి బెదిరింపులు మొదలు. తమ ఒంటికి తామే హాని చేసుకోవాలని, దాన్ని కెమెరాలో చూపాలని ఒత్తిడి చేస్తారు. బాధితుల్లో ఎక్కువమంది 10 నుంచి 17 ఏళ్లలోపు వారని, 9 ఏళ్ల పిల్లలు కూడా ఉన్నారని ఎఫ్‌బీఐ 2025 మార్చిలో హెచ్చరించింది. ఎంత ఎక్కువగా ఏడిపిస్తే ముఠాలో అంత పెద్ద హోదా! నిన్న బెదిరింపులకు లొంగిన పిల్లలే ఇవాళ మరొకరిని బెదిరించేవారిగా మారడం ఇందులోని మరో ఘోరం.

మన కాపలా ఎటువైపు?

ఇన్నేళ్లుగా మన కుటుంబాలు ఒక రకమైన తీవ్రవాదం గురించే జాగ్రత్తపడ్డాయి. పిల్లవాడు ఎవరి ఉపన్యాసం వింటున్నాడు, ఏ పుస్తకం చదువుతున్నాడు అని చూసుకున్నాం. అది అవసరమే. కాని ఈ కొత్త ఉన్మాదానికి ఉపన్యాసమూ లేదు, పుస్తకమూ లేదు. గడ్డం పెరగదు, మాట మారదు. ఆట ఆడుకుంటున్నాడులే అనుకుంటాం. మన కాపలా వీధి గుమ్మం దగ్గర ఉంది, దొంగ దొడ్డిదారిన వస్తున్నాడు.

ప్రభుత్వాల చూపు కూడా ఇలాగే తప్పింది. ఇంగ్లండులోని సౌత్‌పోర్ట్‌లో 2024 జూలై 29న 17 ఏళ్ల యువకుడు ఒక నృత్య తరగతిలో చొరబడి ముగ్గురు చిన్నారి బాలికలను కత్తితో చంపాడు. తీవ్రవాదాన్ని ముందే పసిగట్టేందుకు ఏర్పరచిన ప్రభుత్వ పథకానికి అంతకుముందే మూడుసార్లు అతని గురించి ఫిర్యాదు అందింది. ఏ సిద్ధాంతమూ కనిపించలేదు కాబట్టి ఫైలు మూసేశారు. అతడు ఏ ముఠాలోనూ చేరినవాడు కాకపోయినా, మారణకాండల గురించిన సామగ్రిని విపరీతంగా పోగుచేసుకున్నాడని తర్వాత తేలింది.

హత్యలు జరిగిన మర్నాడు ఏమైంది? హంతకుడు ముస్లిం శరణార్థి అన్న అబద్ధం ఇంటర్నెట్‌లో పాకింది. అతడు బ్రిటన్‌లోనే, ఒక క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడు. అయినా అల్లరిమూక సౌత్‌పోర్ట్ మసీదు మీద రాళ్లు రువ్వింది. ఆ మర్నాడు ఊరివారే వచ్చి కూలిన గోడను తిరిగి కట్టారు. ఆ ఇటుకలు పేర్చిన చేతులకు మనం రుణపడి ఉన్నాం. నమ్మదగనివాడు ఏదైనా వార్త తెస్తే ముందు నిజానిజాలు విచారించుకోవాలని ఖుర్‌ఆన్ 49వ సూరా మనకు నేర్పింది. ఇతరులు మన విషయంలో ఆ న్యాయం పాటించాలని కోరుకుంటున్నాం. ఎక్కడ ఏ ఘోరం జరిగినా వెంటనే ఒక వర్గం పేరు అంటగట్టే సందేశాలను ముందుకు పంపకుండా మనమూ అదే న్యాయం పాటించాలి.

వారి పెట్టుబడి రెండే

ఈ ముఠాల పెట్టుబడి ఏమిటి? ఒకటి పిల్లల ఒంటరితనం, రెండోది పెద్దల పరువు. ఈ రెండూ ఉన్నది మన ఇళ్లలోనే.

తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు. అక్కడినుంచి ప్రేమగా మంచి ఫోను పంపుతాడు. వారానికోసారి వీడియోలో పలకరిస్తాడు. తల్లి ఇంటి పనుల్లో సతమతమవుతుంది. తండ్రి ఇంట్లోనే ఉన్నా దుకాణం మూసి వచ్చేసరికి పిల్లలు నిద్రపోతారు. మార్కుల సంగతి తప్ప మరో మాట మాట్లాడని ఇళ్లు ఎన్ని లేవు? ఆ ఖాళీలోకే అపరిచితుడు ప్రవేశిస్తాడు. అర్ధరాత్రి అయినా ఓపికగా వింటాడు. వాడి ఓపికకు కారణం వేరే ఉందని పసివాళ్లకు ఎలా తెలుస్తుంది?

ఇక పరువు. ఆడపిల్ల ఫోటో ఒకటి బయటపడితే ఇజ్జత్ పోయిందంటాం. తప్పు చేసింది ఎవరని అడగం. చదువు మాన్పిస్తాం, తొందరగా నిఖా చేసెయ్యాలంటాం. అమ్మాయికి ఇదంతా ముందే తెలుసు. అందుకే నోరు విప్పదు. ‘మీ అబ్బాకు పంపిస్తాను’ అన్న ఒక్క బెదిరింపుతో ఎక్కడో ఉన్న దుర్మార్గుడు ఆమెను బానిసను చేసుకుంటాడు. ఆలోచించండి, ఆ బెదిరింపుకు బలమిచ్చింది ఎవరు? మన కోపమే కదా! అబ్బాకు చెప్పినా ఏమీ కాదన్న ధైర్యం ఆమెకు ఉంటే వాడి చేతిలోని కత్తి మొద్దుబారిపోతుంది.

ఫోను లాగేసుకుంటే సరిపోతుందని కొందరంటారు. చిన్న పిల్లలకు హద్దులు పెట్టవలసిందే. రాత్రిపూట ఫోను పెద్దల గదిలో ఉండవలసిందే. కాని ‘చెబితే ఫోను పోతుంది’ అన్న భయం కూడా పిల్లల నోరు మూయిస్తుంది. నిషేధాలకూ పరిమితులున్నాయి. 2025 డిసెంబర్ 10 నుంచి ఆస్ట్రేలియా 16 ఏళ్లలోపు వారికి సామాజిక మాధ్యమాలను నిషేధించినప్పుడు డిస్కార్డ్, రోబ్లాక్స్ ఆ జాబితాలో లేవు. కంపెనీలను, ప్రభుత్వాలను నిలదీయడం మానకూడదు. క్రైస్ట్‌చర్చ్ దాడి ప్రసారం మొదలైన 29 నిమిషాలకు గాని ఫేస్‌బుక్‌కు మొదటి ఫిర్యాదు అందలేదు. తొలి 24 గంటల్లోనే 15 లక్షల కాపీలు తొలగించవలసి వచ్చింది.

చేయవలసింది

పిల్లలు భయపడుతూ వచ్చి చెప్పినప్పుడు మొదటి మాట తిట్టు కాకూడదు. ‘చెప్పి మంచి పని చేశావు బేటా’ అనాలి. బెదిరించేవాడికి డబ్బుగాని, మరో ఫోటోగాని పంపకూడదు. సందేశాలను చెరిపెయ్యకుండా సాక్ష్యంగా దాచాలి. 1930 నంబరుకు, పిల్లల సహాయానికి 1098కి ఫోన్ చేయవచ్చు. దిగులు, చనిపోవాలన్న ఆలోచన ఉన్నవారికి టెలీ మానస్ నంబరు 14416. పోక్సో చట్టం ప్రకారం బాధిత పిల్లల పేరు, వివరాలు పత్రికల్లో వెల్లడించడం నేరం. కాబట్టి పరువు పోతుందన్న భయంతో పోలీసుల దగ్గరకు వెళ్లడం మానవద్దు.

అమ్మీకి చెప్పలేనిది ఖాలాకు చెప్పవచ్చు, అబ్బాకు చెప్పలేనిది మామూకు చెప్పవచ్చు. ప్రతి పిల్లవాడికీ అలాంటి పెద్దమనిషి ఒకరు ఉన్నారా అని ప్రతి కుటుంబం చూసుకోవాలి. జుమా ఖుత్బాలో ఈ విషయం మాట్లాడాలని ఇమాములను కోరుతున్నాం. నమాజు ముగిశాక వెనుక వరుసలో ఒంటరిగా కూర్చున్న కుర్రవాడిని పలకరించడం మసీదు కమిటీలకు పెద్ద పని కాదు.

క్రైస్ట్‌చర్చ్ హంతకుడి పేరు తన నోట ఎన్నడూ పలకనని అప్పటి న్యూజిలాండ్ ప్రధాని జసిండా ఆర్డెర్న్ పార్లమెంటులో ప్రకటించారు. ఈ వ్యాసంలో మేమూ ఒక్క నేరస్థుడి పేరూ రాయలేదు. వారి ఆకలి పేరు కోసమే. ఆ పేరు వారికి దక్కనీయవద్దు. మన పిల్లల పేర్లను మాత్రం రోజూ ప్రేమతో పిలుద్దాం. వాళ్లు పలికిన మాటను పూర్తిగా విందాం.