గిటారుకు దిష్టి తగులుతుందా?

గిటారులో శబ్దం ఎక్కడ పుడుతుందని అడిగితే వాయించే కుర్రాళ్లు కూడా ఠక్కున "తీగలో" అంటారు. ఇది సగం నిజమే. కంపించేది తీగే గానీ, అంత సన్నటి తీగ గాలిని కోసుకుంటూ పోతుందే తప్ప నెట్టలేదు. విసనకర్రతో విసురుకుంటే గాలి వస్తుంది, చీపురుపుల్లతో విసురుకుంటే వస్తుందా? నమ్మకం లేకపోతే ఎలక్ట్రిక్ గిటారును ప్లగ్ పెట్టకుండా మీటి చూడండి. పక్క గదిలోకి కూడా సరిగా వినబడదు.

మామూలు గిటారులో తీగ ఊపు బ్రిడ్జి గుండా సుమారు 3 మిల్లీమీటర్ల మందమున్న పైచెక్కకు చేరుతుంది. ఆ చెక్క వెడల్పుగా ఉంది కాబట్టి గాలిని నెడుతుంది. పెట్టెలోని గాలి కూడా రంధ్రం దగ్గర లోపలికీ బయటికీ ఊగి మంద్ర స్వరాలకు బలమిస్తుంది. చెక్క కొత్తగా శక్తినేమీ పుట్టించదు, మన వేలు ఇచ్చిన శక్తినే గాలికి అందిస్తుంది. ఇక స్థాయి అంటారా, అది తీగ పొడవు, బిగువు, బరువులను బట్టి ఉంటుంది. మెర్సెన్ 1636లోనే ఈ లెక్క రాశాడు. సెకనుకు 110 సార్లు కంపించే తీగను 12వ మెట్టు దగ్గర నొక్కితే పొడవు సగమై 220 అవుతుంది. గుడిలో వాయించినా బారులో వాయించినా 220యే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఫీనిక్స్ బేలో మా వీధిలో పెళ్లిళ్లకు గిటారు వాయించే ఒకబ్బాయి ఉన్నాడు. ఆ డబ్బుతోనే చదువుకుంటున్నాడు. మొన్న వానాకాలంలో వాడి గిటారు శబ్దం మొద్దుబారింది. దిష్టి తగిలిందన్నారు. ఒకాయన డబ్బు పుచ్చుకుని తాయెత్తు కట్టాడు, "వైబ్రేషన్లు చెడ్డాయి" అని సైన్సు మాట కూడా ఒకటి తగిలించాడు! నేను చూసేసరికి బ్రిడ్జి వెనక అంచు చెక్క నుంచి లేచిపోయి ఉంది. స్టీలు తీగలు ఆరూ కలిసి సుమారు 70 కిలోల బరువుతో దాన్ని లాగుతుంటాయి. చెక్క తేమకు ఉబ్బుతుందని ఛాథం రంపపు మిల్లు 1883 నుంచి ఉన్న ఈ ఊళ్లో ఏ వడ్రంగి అయినా చెబుతాడు. కానీ వడ్రంగిని ఎవరూ అడగలేదు. తాయెత్తు కట్టుకుని కూర్చున్న నెలలో పైచెక్క కూడా చీలింది.

"వీణ నాదం దైవికం, దాన్ని కొలవగలరా?" అని నన్నడిగేవారున్నారు. కొలిచారండీ. చిన్నప్పుడు విశాఖపట్నంలో చదివిన సి.వి. రామన్ కలకత్తాలో వీణనూ తంబురానూ పరిశీలించి 1921లో ఫలితాలు ప్రకటించాడు. తీగను ఒకచోట మీటితే, అక్కడ నిశ్చలంగా ఉండాల్సిన ఉపస్వరాలు వినబడకూడదని యూరప్ వాళ్ల నియమం. మన వీణలో అవి బలంగానే పలికాయి. వీణ బ్రిడ్జి పైభాగం వెడల్పుగా, వంపుగా ఉంటుంది. తీగ దాన్ని తాకుతూ విడిపోతూ కంపిస్తుంది. అద్భుతం ఆ వంపులో ఉంది, బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసచెక్కతో వీణలు చేసేవారి వంటి పనివాళ్ల చేతుల్లో ఉంది. వాళ్లకివ్వాల్సిన మెప్పును దేవుడి ఖాతాలో వేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

మీ ఇంట్లో గిటారు ఉంటే బ్రిడ్జి వెనక అంచు కింద ఒక కాగితం ముక్క దూర్చి చూడండి. లోపలికి పోయిందంటే ఆ రోజే తీగలు వదులు చేసి, జిగురు పెట్టించండి.