కీ ఎక్కువైతే వాచీ చెడుతుందా?

‘‘ఒరేయ్, కీ ఎక్కువివ్వకు, స్ప్రింగు తెగుద్ది!’’ వాచీ ఉన్న ఇంట్లో పెరిగిన ఒక తరానికి ఈ కేక బాగా గుర్తు. వాచీ తాతగారిది. పొద్దున కాఫీ తాగే ముందు ఆయనే స్వయంగా కీ ఇచ్చుకునేవారు. మనవడు మారాం చేస్తే చేతికిచ్చేవారు గానీ, పది తిప్పులు పడేలోపే లాగేసుకునేవారు.

ఆ తాతలు పోయారు, వాచీలు మిగిలాయి. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసేయాలని 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం తేల్చాక, బీరువాల్లో పడున్న జనతా, పైలట్ మోడళ్ల మీద మళ్లీ మోజు పుట్టింది. కుర్రాళ్లు ముచ్చటపడి కట్టుకుంటున్నారు. వాచీతోపాటు తాతగారి భయమూ వాళ్లకు సంక్రమించింది. ఎందుకొచ్చిన గొడవని సగం కీ ఇచ్చి ఆపేస్తున్నారు.

నిజానికి లోపల జరిగేది చిన్న సంగతే. గుండ్రటి డబ్బీలో సన్నటి లోహపు పట్టీ చుట్టలు చుట్టుకుని ఉంటుంది. అదే స్ప్రింగు. కీ తిప్పేకొద్దీ అది నడిమి ఇరుసుకు బిగుసుకుంటుంది. బిగిసింది వెనక్కి విప్పుకోకుండా ఓ బుల్లి కొక్కెం పళ్ల చక్రాన్ని పట్టి ఉంచుతుంది. కిర్రు కిర్రుమనేది అదే. చుట్టలన్నీ ఇరుసును చేరాక చుట్టడానికి ఇంకేమీ మిగలదు, కీ ఆగుతుంది. ఆ సంగతి వేళ్లకే తెలుస్తుంది. ఆగాక కూడా పంతం పట్టి మెలిపెడితే కీ పుల్ల మరైనా, కొక్కెమైనా పోవచ్చు. కుళాయినైనా అలా మెలిపెడితే మర అరిగిపోతుంది.

నిండా బిగిసిన స్ప్రింగు వాచీని ఆపదు, నడుపుతుంది.

మరి ఈ పుకారు ఎక్కడిది? వాచీ ఆగిపోతుంది. తిప్పి చూస్తే కీ నిండుగానే ఉంటుంది. విదిలించినా కదలదు. రిపేరు కొట్టుకు తీసుకెళ్తే, కంటికి భూతద్దం బిగించుకున్న పెద్దమనిషి ‘‘కీ ఎక్కువిచ్చేశారండీ’’ అంటాడు. అసలు నేరం నూనెది. డయలు మీద గొప్పగా రాసుకునే ఆ 17 జ్యుయెల్స్‌లో చాలావరకు చక్రాల ఇరుసులు తిరిగే చోట్లే. ఏళ్లు గడిచేసరికి అక్కడి నూనె ఎండి జిగురవుతుంది. స్ప్రింగు ఎంత తోసినా చక్రాలు కదలవు. ‘‘పదేళ్లుగా ఆయిలింగ్ చేయించలేదేం?’’ అని అడిగితే గిరాకీకి కోపం రావచ్చు. కీ ఎక్కువిచ్చారంటే ఎవరూ వాదనకు దిగరు!

తాతగారిదీ ఉత్త చాదస్తం అనలేం. పాతకాలపు ఉక్కు స్ప్రింగులు తుప్పు పట్టీ, అలిసిపోయీ నిజంగానే తెగేవి, ఒక్కోసారి బల్ల మీద ఊరికే ఉన్నప్పుడు కూడా. తెగేవేళ కీ ఎవరి చేతిలో ఉంటే నింద వారిది. ఇరవయ్యో శతాబ్దం నడిమి నుంచి మిశ్రమలోహపు స్ప్రింగులు వచ్చాక ఆ బెడద చాలావరకు పోయింది. మాట మాత్రం పోలేదు.

పోకపోవడానికి ఇంకో కారణం ఆ వస్తువుకున్న విలువ. జపాన్ కంపెనీ సిటిజన్ సాయంతో బెంగళూరులో హెచ్‌ఎంటీ వాచీల తయారీ మొదలైంది 1961లో. పెళ్లికొడుకు లాంఛనాల్లో సైకిలు, రేడియోల పక్కన వాచీ చేరింది. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో దాదాజీ ఖోబ్రాగడే అనే రైతు సన్నవరి వంగడం ఒకటి తీస్తే, దానికి అప్పటి మేటి వాచీ పేరే పెట్టారు. మన వంటింటి హెచ్‌ఎంటీ బియ్యం అదే. అంత పేరున్న వస్తువును పిల్లాడి చేతిలో పెట్టి ఎవరు మాత్రం నిబ్బరంగా ఉండగలరు?

అయితే సగం కీ వల్ల ఒరిగేదేమీ లేదు, నష్టమే. జనతా గుండె సెకనుకు ఐదుసార్లు, గంటకు 18,000 సార్లు కొట్టుకుంటుంది. స్ప్రింగు వదులయ్యేకొద్దీ బ్యాలెన్స్ చక్రం ఊపు తగ్గి, టైము తప్పుతుంది. రోజూ ఒకే వేళకు, చేతి నుంచి విప్పి, కీ తనంతట తాను ఆగేదాకా ఇవ్వడమే సరైన పద్ధతి. కట్టుకునే కీ ఇస్తే పుల్ల పక్కకు ఒరిగి అరుగుతుంది. భయపడాల్సింది అందుకు, ఎండిన నూనెకు. సగం కీతో తిరిగే జనతా ఏ అర్ధరాత్రో ఆగుతుంది. పొద్దున చూసుకున్న మనవడు, ‘‘పాతదైపోయింది పాపం’’ అని మళ్లీ బీరువాలో పెట్టేస్తాడు.