గిలక్కాయ పట్టలేని పిడికిలి ఏ లెక్కలో ఉంది?

2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఏటికొప్పాక లక్క బొమ్మలు ఊరేగాయి. గిలక్కాయ పట్టుకోవడం, బొమ్మబండి తోసుకుంటూ అడుగులేయడం పసిబిడ్డ ఎదుగుదలకు గుర్తులు. అదే అనకాపల్లి జిల్లా దళితవాడల్లో ఆ గిలక్కాయను పిడికిట పట్టలేని బిడ్డ పుడితే ఏమవుతుందన్నదే మా ప్రశ్న.

పుట్టుకతో వచ్చే వైరస్ ఇన్ఫెక్షన్లలో ప్రపంచంలో ఎక్కువగా కనిపించేది సైటోమెగలో వైరస్. పసిపిల్లల ఉమ్మి, మూత్రం ద్వారా గర్భిణికి సోకుతుంది. ఆమెకు చాలాసార్లు ఏ లక్షణమూ ఉండదు. సోకిన బిడ్డల్లో ఎక్కువమంది మామూలుగానే పెరుగుతారు. కానీ మెదడు దెబ్బతిన్న బిడ్డకు మెడ నిలవదు, కాళ్లూ చేతులూ బిగుసుకుపోతాయి, నడక ఆలస్యమవుతుంది లేదా రాదు. వినికిడి కూడా పోవచ్చు.

రుబెల్లాకు టీకా ఉంది. 2017 ఆగస్టులో మన రాష్ట్రంలో ఇంటింటి పిల్లలకూ వేశారు. దీనికి టీకా లేదు. పుట్టిన 21 రోజుల్లోపు మూత్రం లేదా ఉమ్మి పరీక్షిస్తేనే వైరస్ కడుపులోనే సోకిందని గట్టిగా చెప్పగలరు. ఆ గడువు దాటితే జబ్బు పేరు తెలియదు. తెలియని చోట తల్లి పాపమనీ, గ్రహణమనీ నింద మొదలవుతుంది.

ఇక్కడే ఇది కులం ప్రశ్న అవుతుంది. ఏటికొప్పాక నుంచి విశాఖకు 60 కిలోమీటర్లకు పైనే. ఫిజియోథెరపీ ఒక్కరోజుతో అయ్యేది కాదు, ఏళ్ల తరబడి సాగాలి. వెళ్లిన ప్రతిసారీ కూలి తల్లికి ఒక రోజు కూలి పోతుంది, పైగా చార్జీలు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుక నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్ని పరీక్షించాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్ నివాసానికి దగ్గరలో, ముఖ్యంగా పల్లెల్లో, ఆదాయాన్ని బట్టి ఉచిత వైద్యం ఇవ్వాలంటోంది. ఆచరణలో పేదలకు మిగిలింది 6,000 రూపాయల పింఛను. దానికీ సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం చూపాలి. 2025లో మళ్లీ తనిఖీలన్నారు. నడవలేని బిడ్డ నడవలేదని ఎన్నిసార్లు రుజువు చేయాలి?

మేము అడిగేది దయ కాదు. అనుమానం ఉన్న ప్రతి నవజాత శిశువుకూ 21 రోజుల్లోపు ప్రభుత్వాసుపత్రిలో ఉచిత పరీక్ష. మండల కేంద్రంలోనే ఫిజియోథెరపీ, తోడు వచ్చే తల్లికి కూలి నష్టపరిహారం. గుర్తించిన పిల్లల లెక్కలు కులం వారీగా బయటపెట్టడం. బొమ్మలకు దక్కిన గౌరవం ఆ ఊళ్ల పిల్లలకూ దక్కాలి.