మెచ్చుకోలు మోపిన భారము

ర్యాప్ అనగానే మనలో పలువురు పెదవి విరుతురు. 1994లో న్యూయార్క్ నగరపు క్వీన్స్‌బ్రిడ్జ్ గృహసముదాయమున పెరిగిన నాస్, ఇరువదియేండ్ల ప్రాయమున, తన తొలి ఆల్బం ‘ఇల్మాటిక్’ను వెలువరించెను. నలువది నిమిషాలైనను నిండని ఆ కృతిలో తన వీధి బ్రతుకున్నది, చెరలోని మిత్రులకు వ్రాసిన లేఖలున్నవి; ఒక పాటకు తండ్రి ఓలు దారా కార్నెట్ వాయించెను. ‘ది సోర్స్’ పత్రిక అయిదు మైకులకు అయిదూ ఇచ్చినది. అమ్మకము మాత్రము మందగించి, అమెరికాలో పదిలక్షల ప్రతుల గుర్తింపు 2001లో గాని లభింపలేదు. సంతకంటె ముందుగా గుర్తించుట విమర్శకుల ఘనతయే. అయితే 1996లో రెండవ ఆల్బం బిల్‌బోర్డ్ పట్టికలో ప్రథమస్థానమందినను, పలువురు విమర్శకులు దానిని మొదటిదాని త్రాసులోనే తూచిరి. ఇది నాకు న్యాయముగా తోచదు. యువకుని తొలిపలుకునే అతని జీవితమంతటికి కొలబద్ద చేయవచ్చునా? అతనికి తొలి గ్రామీ పురస్కారము 2021లో గాని దక్కలేదు.