పాత ఫోన్‌లోనూ అనుమతులు ఆపవచ్చు



పాత ఫోన్ వాడేవాళ్లకు గోప్యత దక్కదని, కొత్తది కొనాల్సిందేనని గత వారం మీ పత్రిక వేసిన వ్యాసంతో నేను ఏకీభవించను. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచే ఒక్కో అనుమతినీ విడిగా తీసేసే వీలుంది. మా అమ్మ ఫోన్‌లో టార్చ్‌లైట్ యాప్ కాంటాక్ట్స్, లొకేషన్ రెండూ పట్టుకుని కూర్చుంది. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో పర్మిషన్స్ తెరిచి రెండూ ఆపేశాను. లైటు మామూలుగానే వెలుగుతోంది. టార్చ్‌కి మా చుట్టాల నంబర్లతో ఏం పని?

అంతకన్నా పాత ఫోన్లతో కష్టం నిజమే. ఆండ్రాయిడ్ 4.3లో లోపల దాగి ఉన్న, అనుమతులు విడిగా ఆపే 'యాప్ ఆప్స్' సదుపాయాన్ని గూగుల్ 2013 డిసెంబరులో 4.4.2తో తీసేసింది. అది అన్యాయమనే ఇప్పటికీ అంటాను. ఎక్స్‌ప్రైవసీ లాంటి సాధనాలు యాప్‌లకు ఉత్తుత్తి వివరాలిచ్చి పంపేవి గానీ, వాటికి ఫోన్ రూట్ చేయాలి, అంటే సిస్టమ్‌పై పూర్తి అధికారం తెచ్చుకోవాలి. ఆ సలహా నేనెవరికీ ఇవ్వను, రూట్ చేస్తే చాలా బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు. నెట్‌గార్డ్ అనే యాప్‌కు రూట్ అక్కర్లేదు; ఏ యాప్‌కు ఇంటర్నెట్ ఇవ్వాలో దానితో మనమే తేల్చుకోవచ్చు.

సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిన ఫోన్‌లో డబ్బు లావాదేవీలు వద్దన్న మీ రచయిత మాట సరైనదే. కానీ కొత్త ఫోన్ కొనలేనివాళ్లకు దారి చూపకుండా వదిలేయడం తగదు. ఆ పర్మిషన్స్ పేజీని బొమ్మలతో సహా ఒకసారి ప్రచురించండి.

— ఒక పాఠకురాలు, వరంగల్