చెవితో చుక్కాని



పోయిన వేసవిలో పలమనేరు వైపు ఒక పల్లెకు గృహ ప్రార్థనకు వెళ్ళాము. ఆ ఇంటి పెద్దాయన మా సంఘములో పాత విశ్వాసి. షుగరు జబ్బు వలన ఆరేండ్ల క్రితము చూపు పోయినది. ప్రార్థన ముగిసి కాఫీ త్రాగుచుండగా, చూపు లేని జపాను మనిషి ఒకాయన తెరచాప పడవలో పసిఫిక్ మహాసముద్రము దాటాడని మనుమడు సెల్‌ఫోనులో చదివి వినిపించాడు. పెద్దాయన గ్లాసు క్రింద పెట్టి, "అయ్యగారూ, కండ్లు ఉండేవాళ్ళే దారి తప్పుతారే, ఆయనకు యాడికి పోతాండాడో ఎట్ల తెలుస్తుంది?" అని అడిగారు. మేము జవాబు చెప్పలేకపోయాము. ఇల్లు చేరి వెదకి తెలిసికొన్న సంగతులు ఈ నెల వ్రాస్తున్నాము.

తిరుపతి అనగానే అందరికీ తిరుమల కొండ గుర్తుకు వస్తుంది గాని సముద్రము గుర్తుకు రాదు. అయితే 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీసినప్పుడు సూళ్ళూరుపేట, తడ, వాకాడు ప్రాంతములు తిరుపతి జిల్లాలో చేరినవి గనుక ఇప్పుడు మన వైపు వారికిని సముద్రతీరమున్నది. పులికాట్ సరస్సులో పడవవారు గడ దించి లోతు తెలిసికొంటారు. అక్కడ చూచేది కన్ను కాదు, చెయ్యి. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో పౌలు ఎక్కిన ఓడవారును అంతే. అర్ధరాత్రి, చుక్కలు లేని తుపానులో, నీటిలోకి త్రాడు దించి మొదట ఇరువది బారలు, మరి కొంతదూరము పోయి పదునైదు బారలు అని కొలిచారు. నేల దగ్గర పడినదని కన్ను చెప్పలేదు, లెక్క చెప్పినది.

ఓడ నడిపేవానికి ముఖ్యముగా కావలసిన లెక్కలు నాలుగు. పడవ ముఖము ఏ దిక్కున ఉన్నది, గాలి ఎటునుండి ఎంత వేగముతో వీస్తున్నది, అడుగున ఎంత లోతున్నది, సముద్రములో తాము ఎక్కడ ఉన్నారు అన్నవి. చూపున్న నావికుడు కూడ వీటిని చిన్న పరికరముల ముఖము మీది అంకెలు చూచియే తెలిసికొంటాడు. ఆ అంకెలను చదివి పైకి పలికే యంత్రము ఒకటి జత చేస్తే, అదే సమాచారము చెవిలో పడుతుంది. ఉపగ్రహముల ద్వారా స్థానము తెలిపే జీపీఎస్ పరికరము గాని, నీటిలోకి శబ్దమును పంపి ప్రతిధ్వని తిరిగి వచ్చు సమయమునుబట్టి లోతు లెక్కించు పరికరము గాని గ్రుడ్డివారికని వేరుగా చేసినవి కావు. అందరికీ ఉన్న పరికరమునకు ఒక నోరు పెట్టారు, అంతే.

చూపు లేకయే సముద్రము మీద వెళ్ళినవారు పూర్వము కూడ ఉన్నారు. 1983లో అమెరికాకు చెందిన హ్యాంక్ డెకర్ అను అంధుడు శాన్ ఫ్రాన్సిస్కో నుండి హవాయి దీవులకు ఒంటరిగా పడవ నడిపాడు. ఆయన బ్రెయిలీ పటములను, దిక్సూచిని వ్రేళ్ళతో తడిమి చూచుకొనేవాడు. 1997లో జెఫ్రీ హిల్టన్-బార్బర్ దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుండి ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ వరకు హిందూ మహాసముద్రము మీద ఒంటరిగా వెళ్ళాడు. ఆయనకు దారి చెప్పినవి మాట్లాడే పరికరములు.

పెద్దాయన అడిగిన జపాను మనిషి పేరు మిత్సుహిరో ఇవామోతో. పదహారేండ్లకే చూపు పోయినది. 2013లో మొదటిసారి బయలుదేరగా తిమింగలము తగిలి పడవ పాడై, రబ్బరు తెప్ప మీద ఉండగా జపాను నౌకాదళమువారు రక్షించారు. మరల 2019 ఫిబ్రవరి 24న అమెరికాలోని శాన్ డియేగోలో బయలుదేరి, ఏప్రిల్ 20న జపానులోని ఫుకుషిమా తీరము చేరాడు. తోడు వచ్చిన డగ్ స్మిత్‌కు చూపున్నది గాని పడవ నడుపుట తెలియదు. అతడు గాలి దిశను, ఎదురుగా వచ్చే అపాయములను నోటితో చెప్పేవాడు, చుక్కాని మాత్రము ఇవామోతో చేతిలో ఉండేది. ఈ భాగము చదివినప్పుడు మేము కాసేపు పుస్తకము మూసి కూర్చున్నాము. ఎందుకో చివర చెప్పుతాము.

యంత్రమును మరీ పొగడనక్కరలేదు. తేలుతున్న దుంగను, ఎవరో వదిలిన వలను అది చూడలేదు. ఉప్పునీరు తగిలితే మూగబోతుంది, బ్యాటరీ అయిపోతుంది, గనుక వ్రేళ్ళతో తడిమే దిక్సూచి ఒకటి దగ్గర ఉండుట మంచిది. మరియొక చిక్కు, అది వాగుడుకాయ కాకూడదు. చూపు లేని నావికునికి తెరచాప కొట్టుకొనే చప్పుడే గాలి మారినదని చెప్పుతుంది. చెవిని యంత్రమే ఆక్రమించుకొంటే ఆ చప్పుడు వినబడదు. అందుకే అడిగినప్పుడు మాత్రమే పలికే పరికరము మేలని మాకు తోచినది.

కంప్యూటరు తెర మీది అక్షరములను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అను ఉచిత సాధనమును 2006లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టిన మైఖేల్ కర్రన్, అతనితో చేరి దానిని పెంచిన జేమ్స్ టే, ఇద్దరును అంధులే. నేడు మామూలు సెల్‌ఫోను కూడ తెలుగులో పలుకుతుంది. దానికి వేరే కొనవలసినది ఏమియు లేదు, సెట్టింగులలో తెరిస్తే చాలు.

తరువాతి నెల వెళ్ళి పెద్దాయనకు ఇవన్నీ చెప్పాము. ఆయన శ్రద్ధగా విని, ఇవామోతో సంగతి రెండుసార్లు చెప్పించుకొన్నారు. "అయితే చుక్కాని ఆయన చేతిలోనే పెట్టినారు" అన్నారు. తరువాత కొంతసేపు ఊరకుండి, "అయ్యగారూ, గుడి గంట నేను ఇరవై ఏండ్లు కొట్టినా. కండ్లు పోయినాయని మీరు తీసి పిల్లోనికి ఇచ్చినారు. గంట కొట్టేదానికి కండ్లు ఎందుకు?" అన్నారు.

టైము చూడవలెను గదా అని ఆనాడు అనుకొన్నాము. ఆయనను ఒక మాట అడుగలేదు. మెట్ల మీద పడతారేమోనని దయతోనే చేశామని మా మనస్సుకు చెప్పుకొన్నాము. ఆయన ముందర ఆ మాట అనుటకు నోరు రాలేదు.

మనుమడు ఆ సాయంత్రమే ఫోనులో తెలుగు మాట తెరిచి, ఎక్కడ వ్రేలు పెడితే టైము చెప్పుతుందో నేర్పాడు. పెద్దాయన దానిని గట్టిగా పట్టుకొని పదిసార్లయినా అడిగారు. ఇంటిల్లిపాదికీ విసుగు పుట్టినది.

ఆదివారము మేము గుడి తాళము తీసేసరికి ఆయన గంట త్రాడు దగ్గర నిలబడి ఉన్నారు. చెయ్యి పట్టుకొందామని ముందుకు వెళ్ళి ఆగిపోయి, "ఎదురుగా రెండు మెట్లు ఉండాయి" అని మాత్రము చెప్పాము. "తెలుసు" అన్నారు. ఫోను తొమ్మిది గంటలని పలికినది. మొదటి గంట ఆయనే కొట్టారు.