సద్దాం అనే పేరు

1997లో మేము మదరసాలో చిన్న తరగతికి పాఠాలు చెప్పేవారము. హాజరు పిలిచినప్పుడు ఆ ఒక్క తరగతిలోనే ముగ్గురు సద్దాంలు లేచి నిలబడేవారు. ఒకడు కర్నూలు పిల్లవాడు, తక్కిన ఇద్దరూ కడప వైపువారు. ముగ్గురూ 1990 చివరనో, 1991 మొదట్లోనో పుట్టినవారే. వారిలో ఒకని పేరు విషయంలో మా ప్రమేయం కూడా ఉన్నది గనుక ఈ నెల ఆ సంగతి రాయవలసి వచ్చింది.

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లో ప్రవేశించాయి. అంతకు రెండేళ్ల క్రితమే ఇరాక్ మరొక పొరుగుదేశమైన ఇరాన్‌తో ఎనిమిదేళ్ల యుద్ధం ముగించుకొని అప్పుల్లో కూరుకుపోయి ఉన్నది. కువైట్‌కు బాకీపడినదే సుమారు 1,400 కోట్ల డాలర్లు. ఆ బాకీ మాఫీ చేయమంటే కువైట్ ఒప్పుకోలేదు. చమురు అధికంగా తోడి ధర పడగొడుతున్నదనీ, సరిహద్దులోని రుమైలా క్షేత్రం నుండి తమ చమురును లాగుకుంటున్నదనీ ఇరాక్ ఆరోపించింది. ఆ ఫిర్యాదుల్లో కొంత నిజమే ఉండవచ్చు. అయితే అప్పిచ్చిన పొరుగువాడు పిసినారి అయినంత మాత్రాన అతని ఇల్లు ఆక్రమించుకొనే హక్కు ఎవరికి వస్తుంది? ఆగస్టు ముగిసేలోగా కువైట్‌ను తమ పందొమ్మిదవ రాష్ట్రంగా ప్రకటించుకున్నారు.

మన ప్రాంతానికి ఇది ఎక్కడో జరిగిన యుద్ధం కాదు. రాయచోటి, రాజంపేట, కోడూరు, కడప పట్టణాల్లో కువైట్ సంపాదనతో పొయ్యి వెలిగే ఇళ్లు ఎన్నో. వాన రాని ఏడు చేను చేయలేని పని కువైట్ డ్రాఫ్టు చేసేది. ఆ డ్రాఫ్టు ఒక్కసారిగా ఆగిపోయింది. పనిచేసినచోట జీతం రాలేదు, బ్యాంకులో దాచినది చేతికందలేదు. చేతిసంచీతో బయలుదేరి బస్రా, బగ్దాద్‌ల మీదుగా జోర్డాన్ ఎడారిలోని గుడారాలకు చేరుకున్నారు. అమ్మాన్ నుండి ఎయిర్ ఇండియా విమానాలు 488 సార్లు ఎగిరి లక్షమందికి పైగా స్వదేశానికి చేర్చాయి.

మనదేశం కూడా అప్పుడు ఒక చిక్కులో పడింది. తన ప్రజలను వెనక్కు తెచ్చుకోవాలంటే ఆక్రమించినవాని అనుమతి కావాలి. విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బగ్దాద్ వెళ్లారు. సద్దాం హుసేన్ ఆయనను కౌగిలించుకున్న ఛాయాచిత్రం లోకమంతా చూసింది. కువైట్‌లోని మన రాయబార కార్యాలయాన్ని బస్రాకు తరలించారు. దేశం కోల్పోయిన కువైటీలకు ఆ ఆలింగనం ఎలా కనిపించి ఉంటుందో ఊహించటం కష్టం కాదు. ప్రజలను కాపాడుకోవటం తప్పని మేము అనము. ఆ కౌగిలి లేకుండా ఆ విమానాలు ఎగిరేవా అన్నది నేటికీ తేలని ప్రశ్నే. కానీ దేశపు పేరు మీద పడిన ఆ మరక తుడుచుకోవటానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

పాలస్తీనీయుల గతి మరీ దారుణం. వారి నాయకత్వం బగ్దాద్ పక్షం వహించినట్లు కనిపించినందుకు, కువైట్‌లో తరాలుగా స్థిరపడిన లక్షల మంది 1991 తరువాత అక్కడ నిలువనీడ కోల్పోయారు. వారిలో బడిపంతుళ్లు, నర్సులు, ఇంజనీర్లు ఉన్నారు. ఆక్రమణకు నిర్ణయం తీసుకున్నది వారు కాదు.

మన గడ్డ మీద కూడా ఇటువంటిది జరిగింది. 1751 ఫిబ్రవరిలో, రాయచోటి దగ్గరి లక్కిరెడ్డిపల్లె వద్ద, కర్నూలు, కడప, సవనూరు పఠాన్ నవాబులు తామే గద్దెనెక్కించిన నిజాం ముజఫర్ జంగ్ మీద తిరగబడ్డారు. అంతకు రెండు నెలల ముందు నాసిర్ జంగ్‌ను హతమార్చిన కుట్ర కూడా వారిదే. ఆశించిన ప్రతిఫలం దక్కలేదన్నది వారి కోపం. ఆ పోరులో ముజఫర్ జంగ్ మరణించాడు, కర్నూలు నవాబు కూడా మరణించాడు. తరువాత సలాబత్ జంగ్, ఫ్రెంచి సేనాని బుస్సీ తమ సైన్యంతో కర్నూలు మీదికి వచ్చి కోటను పట్టుకున్నారు. నవాబు మాట తప్పినందుకు తుంగభద్ర ఒడ్డున కాపురముంటున్న నేతగాడు, తోళ్లవాడు ఏం పాపం చేశారు?

ఇక మా సంగతి. ఆ రోజుల్లో మేము విద్యార్థిగా ఉన్నాము, వయసు ఇరవై. మా హాస్టల్ గది గోడకు సద్దాం హుసేన్ పటం అతికించాము. అమెరికాను ఎదిరించిన మొనగాడు అన్న ఒక్క మాటే మా చెవుల్లో మోగేది. మా ఉస్తాద్ ఆ పటం చూసి, "ఈయన ఎవరి ఇంట్లో దూరాడో తెలుసా?" అని మాత్రం అడిగి, దాన్ని తీయించారు. మరునాటి పాఠంలో హుజురాత్ సూరా తొమ్మిదవ ఆయత్ తీసుకున్నారు. విశ్వాసులలో రెండు వర్గాలు పోరాడుకుంటే సంధి చేయమనీ, ఒకటి దౌర్జన్యానికి దిగితే అది దారికి వచ్చేవరకు దానినే ఎదుర్కొనమనీ అందులో ఉన్న ఆదేశాన్ని వివరించారు. దౌర్జన్యపరుడైన సోదరునికి చేసే సహాయం అతని చేయి పట్టుకొని ఆపటమేనన్న హదీసును కూడా గుర్తుచేశారు. మేము విన్నాము, రాసుకున్నాము. పటం మాత్రం చింపకుండా మడిచి పెట్టెలో దాచుకున్నాము.

యుద్ధం ముగిసిన వారానికి, షాబాన్ సెలవులకు ఊరు వచ్చాము. మా వీధిలో ఒక అఖీఖా. ఆ బిడ్డ తండ్రి జూలైలో సెలవు ముగించుకొని కువైట్ వెళ్లి, సెప్టెంబరులో ఒంటిమీది చొక్కాతో తిరిగివచ్చినవాడు. పేరు ఏం పెడదామని పెద్దలు అడిగినప్పుడు, చదువుకుంటున్న కుర్రవాడినన్న గౌరవంతో మా వైపు చూశారు. మేము సద్దాం అన్నాము. అందరూ సంతోషించారు. బిడ్డ తండ్రి ఏమీ అనలేదు. మేక మాంసం పంచుతూ లోపలికి వెళ్లిపోయాడు.

ఐక్యరాజ్యసమితి నష్టపరిహార సంఘం ద్వారా, కువైట్ విడిచిరావలసి వచ్చిన ఒంటరి వ్యక్తికి గరిష్ఠంగా 4,000 డాలర్లు, కుటుంబానికి 8,000 డాలర్లు నిర్ణయించారు. అది ఇరాక్ చమురు ఆదాయం నుండి కోసి ఇచ్చిన సొమ్ము. ఆ మొత్తం బాకీ, 5,240 కోట్ల డాలర్లు, తీరేసరికి 2022 జనవరి వచ్చింది. ఆక్రమణ సాగింది ఏడు నెలలు, దాని అప్పు కట్టటానికి పట్టింది ముప్పై ఏళ్లు. సద్దాం హుసేన్‌ను 2006లోనే ఉరితీశారు, బక్రీదునాడు. ఆనాడు మాకు కూడా కన్నీళ్లు వచ్చిన మాట దాచము. కానీ ఆయన పోయిన తరువాత కూడా పదిహేనేళ్లు ఆ బాకీలో భాగం మోసినవారు, ఆంక్షల కాలంలో మందులు దొరకక బిడ్డలను పోగొట్టుకున్న ఇరాకీ తల్లులే.

మా వీధి సద్దాం పెద్దవాడై డ్రైవింగు నేర్చుకున్నాడు. తండ్రి బాటలోనే కువైట్ వెళ్లాలనుకున్నాడు. ఏజెంటు పాస్‌పోర్టు తెరిచి చూసి, ఈ పేరుతో ఆ దేశంలో ఏ యజమాని వీసా ఇస్తాడని తిప్పి పంపించాడు. అఫిడవిట్టు, పత్రికా ప్రకటన, గెజిట్ అంటూ ఏడాది తిరిగి పేరు మార్చుకున్నాడు. ఆ కాగితాల మీద సాక్షి సంతకం కోసం తండ్రి మా ఇంటికి వచ్చాడు. సంతకం చేసి, ఇన్నేళ్లుగా మనసులో ఉన్నది అడిగాము:

"భాయీ, ఆ రోజు ఆ పేరు వద్దని మీరెందుకు అనలేదు?"

ఆయన కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

"నా జీతం, నా సామాను, నా పదకొండేళ్ల కష్టం ఆయన సైన్యమే పట్టుకుపోయింది, హజ్రత్. ఆ మాట ఆ రోజు మీ అందరి మధ్య అంటే, నన్ను ఏమనేవారు?"